ఖాళీ ప్లాటు పక్కన సొరపాదు

మహబూబ్‌నగర్‌లో మా కాలనీకి ఎవరైనా కొత్తగా వస్తుంటే ఫోన్లో గుర్తులు చెప్పడం కష్టం. "ఎడమకు తిరగండి, మూడు ఖాళీ ప్లాట్లు దాటండి, పెద్ద సర్కారు తుమ్మ కనిపిస్తది, దాని పక్కిల్లే" అంటాం. ఆ తుమ్మ పెరిగిన జాగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అబ్బాయిది. దాని వెనకది వనపర్తిలో ఎరువుల దుకాణం నడిపే ఆయనది. మూలమీది ప్లాటు ఇప్పటికే చాలా చేతులు మారింది, ప్రస్తుతం ఎవరిదో మాకెవరికీ తెలియదు. కొన్నవాళ్లలో ఒక్కరు కూడా ఇక్కడ కాపురం ఉండరు. అమ్మేటప్పుడు మాత్రం "డెవలప్ అయిన ఏరియా, చుట్టూ ఇండ్లు వచ్చినయ్" అని చెప్తారు. ఆ ఇండ్లు మావే.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇల్లు కట్టే ఆలోచన లేకుండా చిన్న ఊళ్లో ప్లాటు కొని వదిలేయడం, కొన్నవాళ్లు అనుకునేంత మంచి పెట్టుబడి కాదు. ఊరికైతే అది నష్టమే. ఏడాదంతా ఉండే నష్టమే అయినా శివరాత్రి దాటి ఉగాది దగ్గర పడే రోజుల్లో అది కళ్లకు కడుతుంది, చెవులకు కూడా తెలుస్తుంది.

పాలమూరులో హాయిగా బతకగలిగే ఆఖరి రోజులు ఇవి. ఏప్రిల్ సగానికి వచ్చామంటే మధ్యాహ్నం గడప దాటలేం. ఇప్పుడైతే పొద్దున చల్లగాలి ఉంటుంది, సాయంత్రం మిద్దె మీద చాప వేసుకుని కూర్చోవచ్చు. వేప పూస్తుంది. ఊరు దాటి గుట్టల వైపు వెళ్తే మోదుగులు ఆకు రాల్చి ఎర్రగా నిలబడి ఉంటాయి. కొల్లాపూర్ మామిడి ఇంకా పిందెల్లోనే ఉంటుంది కాబట్టి ఆ ధర గురించిన బాధ ఇప్పుడే మొదలు కాదు. కాముని పున్నమి, ఉగాది, శ్రీరామనవమి వరసగా వస్తాయి. వాటి నడుమ మార్చి 31 కూడా వస్తుంది. 2025లో అయితే మార్చి 30న ఉగాది, మర్నాడు రంజాన్, అదే రోజు ఆర్థిక సంవత్సరం ఆఖరు. మా ఇంట్లో బక్షాలు, వెనక వీధి నుంచి వచ్చిన షీర్‌ఖుర్మా, ఫోన్లో మాత్రం చిట్టీ కట్టారా, లోను వాయిదా కట్టారా అనే మెసేజ్‌లు. ఇది కొత్త సంగతేమీ కాదు. పల్లెల్లో జీతగాళ్ల ఒప్పందాలు, కౌలు మాటలు ఉగాదికే తెగేవి, ఉగాదికే మొదలయ్యేవి. లెక్కలు చూసుకునే రుతువు మనకు ఎప్పటినుంచో ఇదే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మార్చిలో స్టాఫ్ రూమ్‌లో పరీక్ష పేపర్ల కంటే ప్లాట్ల మాటే ఎక్కువ. ప్రతి స్కూల్లోనూ ఒక సార్ ఉంటాడు. సెలవుల్లో వెంచర్లు తిప్పుతాడు, బ్రోచర్లు బ్యాగులోనే ఉంటాయి. మా సార్ నన్ను ఏటా అడుగుతాడు. "ఇంకెప్పుడు కొంటరు మేడం? జనం పెరుగుతరు గానీ భూమి పెరుగుతదా? మా బావమరిది పది లక్షలకు కొన్నడు, పదేండ్లల్ల డబుల్ అయింది."

డబుల్ అనగానే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు వెలుగుతాయి. నేను చాక్‌పీసు తీస్తాను. పదేళ్లలో రెట్టింపు అంటే చక్రవడ్డీ లెక్కన ఏటా 7.2 శాతం. పోస్టాఫీసులో, బ్యాంకులో తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి ఇస్తున్నది 7.1 శాతం, దాని మీద పన్ను లేదు. అంటే ఆ బావమరిది ఎండలో తిరిగి, ఏజెంటుతో బేరమాడి, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఒక పూటంతా నిలబడి సంపాదించింది, పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని సంపాదించదగినంతే.

అంత కూడా కాదు. మన రాష్ట్రంలో మున్సిపాలిటీల్లో స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపితే 2021 జులై నుంచి 7.5 శాతం. పది లక్షల ప్లాటుకు, పూర్తి విలువ మీద రాయిస్తే, డెబ్బై అయిదు వేలు. ఏజెంటుకు రెండు శాతం, అమ్మేటప్పుడు ఇంకో రెండు శాతం. లాభం మీద 12.5 శాతం పన్ను. ఇవన్నీ తీసేస్తే పది లక్షలు ఇరవై లక్షలైన ఆ ప్లాటు మీద నికరంగా మిగిలేది ఏటా అయిదున్నర శాతం లోపే. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు సార్ ఒకటే అన్నాడు: "పూర్తి విలువ మీద ఎవరు రాపిస్తరు మేడం!" సరే, అది ఇంకో వ్యాసం.

అయిదింతలైన ప్లాట్లు లేవా? ఉన్నాయి. బైపాస్ పడినచోట, కలెక్టరేట్ కదిలినచోట, జడ్చర్ల వైపు ఫ్యాక్టరీలు వచ్చినచోట. పదిహేనేళ్లలో అయిదింతలు అయినా ఏటా 11 శాతం చిల్లరే అవుతుంది, అది నిజంగా మంచి రాబడే. కానీ మనకు వినపడేవి ఆ ప్లాట్ల కథలే. రోడ్డు రాని వెంచర్లో, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) తేలని లేఅవుట్లో, పక్కోడు హద్దురాళ్లు జరిపిన చోట ఇరుక్కున్నవాళ్లు పెళ్లి విందుల్లో ఆ సంగతి ఎత్తరు. పైగా ప్లాటు ముక్కలుగా అమ్ముడుపోదు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే రెండు లక్షలు కావాలి, దానికోసం రెండు వందల గజాలూ అమ్మాలి, అదీ అవసరం తెలిసిన బేరగాడికి.

ఇక్కడ ఒక మాట గట్టిగా ఒప్పుకోవాలి. పాలమూరు కూలి అని దేశమంతా పిలిపించుకున్న జిల్లా ఇది. ఎక్కడో డ్యాములు కట్టి, రోడ్లు పోసి, ఊరికి తిరిగి వచ్చినప్పుడు తల దాచుకోను జాగా లేని కుటుంబాలు నాలుగు తరాలు ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చి మొదట కొన్నది నూట యాభై గజాల జాగా అయితే దాన్ని వడ్డీ శాతాలతో కొలవడం నాకు నచ్చదు. ఆ కాగితం మీద తమ పేరు చూసుకోవడానికి వాళ్లు ఎంతైనా పెట్టొచ్చు. వాళ్లలో చాలామంది ఇల్లు కూడా కడతారు, రేకులదైనా సరే. నా గొడవ మూడో ప్లాటుతో, నాలుగో ప్లాటుతో. ఇల్లుండి, పొలముండి, ఇంకా డబ్బు ఎక్కడ పెట్టాలో తోచక కొన్నవాటితో.

"మరి ఎక్కడ పెట్టాలె? షేర్లు జూదం కదా మేడం?" అని తర్వాతి ప్రశ్న. అడిగేవాళ్ల ఇంట్లోనే డిగ్రీ చదివే కొడుకు ఫోన్లో ఆప్షన్లు, అంటే ధర పెరుగుతుందా తగ్గుతుందా అనే పందేలు, కొంటుంటాడు, అది జూదమే. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్క తీసింది: 2021–22 నుంచి 2023–24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. దానికీ, షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీలోని యాభై కంపెనీల్లో నెలకు రెండు వేలు పెట్టి ఇరవై ఏళ్లు మరిచిపోవడానికీ సంబంధం లేదు. ఏటా పది శాతం వచ్చిందనుకుంటే కట్టిన 4.8 లక్షలు సుమారు 15 లక్షలవుతాయి. పది శాతం వస్తుందని హామీ ఎవరూ ఇవ్వరు, కొన్నేళ్లు కిందికి కూడా పోతుంది. అసలు మా టీచర్లలో 2004 సెప్టెంబర్ తర్వాత చేరినవాళ్లమంతా సీపీఎస్ అనే కొత్త పింఛను పథకంలో ఉన్నాం. నెలనెలా జీతంలో పది శాతం అందులోకే పోతుంది, అందులో కొంత భాగం షేర్లలోనే ఉంటుంది. షేర్లు పాపమని చెప్పే సారు కూడా వాటాదారుడే, ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

నూటికి రెండు రూపాయల మిత్తికి ఇవ్వడం గురించి ఎక్కువ రాయను. ఏడాదికి 24 శాతం వస్తుందంటే, తీసుకున్నవాడికి బ్యాంకు ఎందుకు ఇవ్వలేదో ఆలోచించాలి. చిట్టీ అయితే రిజిస్టరైనదా కాదా ముందు అడగాలి. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టాన్ని 2019లో సవరించాక నిర్వాహకుడి కమీషన్ ఏడు శాతం దాటకూడదు. కిట్టీ పార్టీలో నోటిమాటగా నడిచే చిట్టీకి ఏ చట్టమూ తోడు రాదు. బ్యాంకు డిపాజిట్‌కైతే ఒక్కో బ్యాంకులో అయిదు లక్షల దాకా బీమా ఉంది. నా డబ్బు పీపీఎఫ్‌లో, డిపాజిట్‌లో, నిఫ్టీ లాంటి సూచీ వెంట నడిచే ఇండెక్స్ ఫండ్‌లో ఉంది. చూపించడానికి ఏమీ లేదు, చుట్టాలు వస్తే తీసుకెళ్లి "ఇగో ఇది మాదే" అనడానికి ఏమీ లేదు. ప్లాటు గెలిచేది అక్కడే అని నా అనుమానం.

కానీ నేను చూపించుకోగలిగేది ఇంకొకటి ఉంది, అది కూడా వేరేవాళ్ల ప్లాటులోనే.

మా ఇంటి పక్క జాగా రెండు వందల గజాలు. తుమ్మ ఒక పక్క, మిగతాదంతా వయ్యారిభామ. ముట్టుకుంటే ఒళ్లంతా దురద, పూస్తే పిల్లలకు ఆయాసం. పాములు సరేసరి. ఓనరు అబ్బాయికి ఫోన్ చేసి శుభ్రం చేయించమంటే "చేపిస్త అక్కా" అనేవాడు, చేయించేవాడు కాదు. మేమే శుభ్రం చేసి కూరగాయలు పెట్టుకుంటామంటే మాత్రం వెంటనే తేరుకున్నాడు. "పెట్టుకోండి అక్కా, కానీ కడీలు పాతొద్దు, పందిరి వేయొద్దు." అతని భయం నాకు అర్థమైంది. పన్నెండేళ్లు ఎవరైనా తమ సొంతంలాగా కబ్జాలో ఉంటే హక్కు పోవచ్చని 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉంది, దాన్ని వాట్సప్ పెద్దది చేసింది. ఓనరు ఒప్పుకుని ఇచ్చినదానికి ఆ సూత్రం వర్తించదు. నేనే ఒక కాగితం రాసి పంపాను: మీ అనుమతితో వాడుకుంటున్నాను, హక్కేమీ లేదు, అడిగిన నెల లోపల ఖాళీ చేస్తాను అని. సంతకాలయ్యాక పందిరికి కూడా ఒప్పుకున్నాడు. ఇలాంటి ఒక్క పేజీ కాగితంతో ఈ ఊళ్లో ఎన్ని జాగాలు పచ్చబడతాయో అని అప్పటినుంచి రోడ్డు వెంబడి లెక్కపెడుతూ నడవడం అలవాటైంది.

సర్కారు తుమ్మను కొడితే పోదు, మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వేరు దాకా తవ్వి తీయించాలి. పెద్దదాన్ని అలాగే వదిలేశాం, నీడ కోసం. వయ్యారిభామను పూత రాకముందే, తడి నేల మీద, చేతులకు గ్లవ్స్ వేసుకుని పీకాలి. వెంచర్ల నేల సంగతి తెలిసిందే. పైమట్టి ఎప్పుడో ట్రాక్టర్లలో వెళ్లిపోయింది, మిగిలింది మొరం. నేలంతా బాగుచేయడం మా వల్ల కాలేదు, అవసరం కూడా లేదు. పాదుకు ఒకటిన్నర అడుగు గుంత తీసి, మాగిన పశువుల పెంట, ఎండుటాకులు, కొంచెం వేపపిండి కలిపి నింపితే తీగజాతికి చాలు.

సంక్రాంతి తర్వాత పెట్టిన సొర, బీర మార్చికల్లా పందిరి ఎక్కుతాయి. చాలామంది "పూలు పూస్తున్నయి, కాయలు నిలుస్తలేవు" అంటారు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే పురుగుల కోసం. చుట్టూ సిమెంటు, వీధి లైట్లు ఉన్నచోట ఆ పురుగులు తగ్గాయి. పొద్దు గూకే వేళ మగపువ్వు తెంపి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో అద్దితే చాలు. బీరకూ అంతే. ఇదే పని పొద్దున్నే లేచి చేస్తే పువ్వు అప్పటికే వాడి ఉంటుంది. టమాట మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, ఇక్కడ మార్చిలోనే దాటుతుంది. బెండ, గోకరకాయ, పుంటికూర ఎండకు జంకవు. గంగవాయిలి కూరనైతే ఎవరూ విత్తలేదు, దానంతట అదే వచ్చింది, పప్పులో పుల్లగా బాగుంటుంది. కొత్తిమీర, పాలకూరకు సగం నీడనిచ్చే షేడ్ నెట్ కావాలి.

నీళ్లే అసలు పరీక్ష. బోరు నీళ్లు పోస్తే మట్టి మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. తాగడానికి వచ్చే కృష్ణ నీళ్లు మొక్కలకు పోయడానికి మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, బోరు నీళ్లు కలిపి నడిపిస్తున్నాం. మొదళ్ల దగ్గర ఎండుటాకులు మందంగా కప్పితే రోజు విడిచి రోజు పోసినా సరిపోతుంది. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు పోయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఉప్పంతా ఉండేది అందులోనే.

డబ్బు మిగిలిందా అంటే, ఆకుకూరల మీద మిగిలింది. మిగతావాటి మీద షేడ్ నెట్, కూలి, పెంట లెక్కేస్తే లేదు. నేను దీన్ని పెట్టుబడి అనడం లేదు. ఖాళీగా ఉంటే ఆ నేల ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఎదురుచూస్తుంది, ఇప్పుడు ఎదురుచూస్తూనే కాయలు ఇస్తుంది. ఓనరు రాబడిలో ఒక్క రూపాయి తగ్గలేదు. ఈ మార్చిలో ఒక సంచి నిండా బీరకాయలు బస్సులో అతనికే పంపాను.

ఇక పాట సంగతి. మా కాలనీ హనుమాన్ గుడిలో శనివారం భజన ఉంది. హార్మోనియం వాయించేది రిటైరైన ఆర్టీసీ కండక్టర్, తబలా ఒక ఎలక్ట్రీషియన్. ఇద్దరూ గట్టివాళ్లు. కానీ భజన అంటే ఒకరు ఎత్తుకోవాలి, పదిమంది అందుకోవాలి. అందుకునేవాళ్లు నడిచి వచ్చేంత దూరంలో ఉండాలి. మూడు ప్లాట్లకొక ఇల్లున్న వీధుల్లో ఆ పదిమంది దొరకరు. నలుగురైదుగురు కూర్చుని పాడుతుంటే రెండు చరణాలకే గొంతులు అలిసిపోతాయి. పాత ఊళ్లో, షాసాబ్‌గుట్ట అవతల ఇరుకు గల్లీల్లో, భజన ఇప్పటికీ రాత్రి పదకొండు దాకా నడుస్తుంది. వాళ్ల భక్తి ఎక్కువని కాదు, గోడకు గోడ ఆనుకుని ఉండటం వల్ల. మా దగ్గర శ్రీరామనవమికి లోటు తీర్చడానికి డీజే బాక్సులు తెస్తున్నారు. వాటికి చందా బాగా ఇచ్చేది బయట ఉండే ప్లాట్ల ఓనర్లే, గుడి కమానుకు కూడా ఇచ్చారు. పేర్లు పాలరాతి మీద చెక్కించాం. అందుకునే గొంతు మాత్రం చందాలో రాదు.

కాముని పున్నమికి ముందు పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి పాడుతూ ఇంటింటికీ వచ్చేవాళ్లు, బియ్యమో పైసలో వేసేవాళ్లం. ఇప్పుడూ వస్తారు, తక్కువ. నా క్లాసులో ఒక పిల్లోడిని అడిగితే "మీ దిక్కు తిరిగినా ఏం రాదు టీచర్, ఇండ్లకు ఇండ్లకు మస్తు దూరం, కుక్కలు" అన్నాడు. వాడి లెక్క సరైనదే. పాడేవాళ్లకు కూడా గిట్టుబాటు కావాలి.

లేఅవుట్లో పది శాతం జాగా అందరికోసం వదలాలని నిబంధన ఉంది. మా లేఅవుట్ మ్యాపులో ఆకుపచ్చ రంగు వేసి పార్కు అని రాసిన చోట ఇప్పుడు కంకర కుప్పలున్నాయి. ఒగ్గు కథ పెట్టించాలన్నా, కోలాటం ఆడాలన్నా అదే చోటు కావాలి. చుట్టూ ఇన్ని ఖాళీ జాగాలుండి పాటకు జాగా లేకపోవడం ఇక్కడే చూశాను.

ఆ మధ్య మా స్కూలుకు ఒక కిన్నెర కళాకారుడిని పిలిచాం. కిన్నెర పుట్టుకే మన పెరటిది: వెదురు, తీగలు, మెట్లు, కింద ఎండిన సొరకాయ బుర్రలు. డక్కలి కళాకారులు పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ చెప్పుకుంటూ వాయించిన వాద్యం. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట నుంచి వచ్చిన దర్శనం మొగిలయ్యకు పన్నెండు మెట్ల కిన్నెర మీద 2022లో పద్మశ్రీ వచ్చాక మా పిల్లలకు ఆ పేరైనా తెలిసింది. వాయించడం అయ్యాక వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, బుర్ర ఎక్కడ దొరుకుతుందని. పెంచుకోవాలి, తీగ మీదే ముదిరి ఎండేదాకా వదిలేయాలి, అన్నాడాయన. మేము ఈసారి రెండు కాయలు కోయకుండా అలాగే వదిలేశాం. మా ఇంట్లో ఎవరికీ కిన్నెర రాదు, అడిగినవాళ్లకు ఇస్తాం.

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. ఖాళీ స్థలాల మీద పన్ను 2019 నాటి మున్సిపల్ చట్టంలోనే ఉంది. ఇంటి పన్నుకు వచ్చినంత పట్టుదలగా దానికోసం ఎవరైనా తిరగడం నేను చూడలేదు. తిరగాలి. చెత్త, తుమ్మ, వయ్యారిభామ పెంచే ప్లాటుకు పూర్తి పన్ను వేసి, శుభ్రంగా ఉంచినా సాగుకు ఇచ్చినా కొంత తగ్గిస్తే, నేను రాసిన లాంటి కాగితాలు వాటంతట అవే పుడతాయి. ఆకుపచ్చ రంగు వేసిన పది శాతం జాగాలను కొలిచి, బోర్డులు పెట్టి, పాటకూ ఆటకూ ఇవ్వాలి. ఇందులో కొత్త పథకం ఏదీ అక్కర్లేదు, ఉన్న రూలు అమలైతే చాలు. ప్లాట్లు కొనేవాళ్లు పన్ను భారమైతే మానేస్తారేమో, రేటు పడుతుందేమో అని భయపడేవాళ్లుంటారు. రేటు పడితే ఇల్లు కట్టుకునేవాళ్లు కొంటారు. మాకు కావాల్సింది వాళ్లే.

మొన్న ఓనరు అబ్బాయి ఫోన్ చేశాడు. మంచి రేటు వచ్చిందట, అమ్మేసి భూత్పూర్ వైపు ఇంకోటి కొంటాడట. నేను యథాప్రకారం స్టాంపు డ్యూటీ నుంచి మొదలుపెట్టి లెక్క చెప్పాను. ఓపికగా విన్నాడు, "అయినా భూమి భూమే కదక్కా" అన్నాడు. కొనేవాళ్లు ఇల్లు కడతారా అని అడిగాను. కడితే పందిరి రేపే తీసేస్తానని, కాయలతో సహా వాళ్లకే ఇస్తానని చెప్పాను. కట్టరు, వాళ్లూ ఇన్వెస్ట్‌మెంట్‌కే, అన్నాడు. అయితే నా కాగితం వాళ్లకు కూడా వర్తించేలా చూడమన్నాను.

"సేల్ డీడ్‌ల సొరపాదు గురించి రాపియ్యమంటరా అక్కా?" అని నవ్వాడు.

రాయించమన్నాను.